గోడలోంచి కారే నీళ్లు

భవానీపురంలో ఫ్లాట్ కొని మూడేళ్లు కాలేదు. పిల్లల గదిలో, బాత్రూం వైపు గోడకి మళ్లీ చెమ్మ. గోరుతో గీకితే ప్లాస్టరింగ్ పొడిపొడిగా రాలిపోతోంది. కొత్త ఇల్లండీ ఇది!

మొన్న టైల్స్ పగలగొట్టించాం. లోపల పైపు మలుపు దగ్గరుండే ఎల్బోకి అతికించే సొల్యూషన్ సగమే పూశారు. సగం! టైల్స్ వేసేముందు పైపుల్లో ప్రెషర్ పెట్టి ఒక్కరోజు చూస్తే అప్పుడే బయటపడేది కదా? ఎవరికి పట్టింది? బిల్డర్‌కి ఫోన్ చేస్తే ఎత్తడు.

శ్లాబూ అంతే. ఇలాంటి ఎండల్లో కాంక్రీటుని కనీసం 10 రోజులు తడపాలని కాంక్రీటు పనులకి మన దేశ ప్రమాణమైన ఐఎస్ 456లోనే ఉంది. మా శ్లాబుని ఎన్నాళ్లు తడిపారో ఆ పగుళ్లే చెబుతున్నాయి.

చలి దేశాల్లో పైపులో నీళ్లు గడ్డకట్టి దాదాపు 9 శాతం ఉబ్బుతాయి, పైపు పగులుతుంది. అందుకే అక్కడ పైపులకి తొడుగులు వేస్తారు. మనకి ఎండే శత్రువు. డాబా మీద పీవీసీ పైపులు ఎండకి పెళుసుబారతాయని బెజవాడలో ఇళ్లు కట్టేవాళ్లకి తెలీదా? ఒక్క కోటు పెయింటైనా వేయకూడదా?

లక్షలు పోసి కొన్నాం. ఇంకా ఈఎంఐ కడుతున్నాం. పగలగొట్టినచోట వేయడానికి అదే రంగు టైలు ఎక్కడా దొరకట్లేదు. గోడ అలాగే ఉంది, నోరు తెరుచుకుని.