లైఫ్ సర్టిఫికెట్ గారి మీద ఒక ఫిర్యాదు

మహారాజశ్రీ లైఫ్ సర్టిఫికెట్ గారికి,

డోర్నకల్‌లో రిటైరైన ఒక రైల్వే కీమ్యాన్ కొడుకు నమస్కరించి రాసుకునేది.

ఏటా నవంబరు రాగానే, పింఛను ఇవ్వాలంటే మా నాన్న బతికి ఉన్నారా అని పట్టుబట్టి అడిగేది ఈ భూమండలం మీద మీరొక్కరే. అడిగి ఊరుకోరు, రుజువు కూడా కావాలంటారు. నాకు అంత పట్టింపు లేదు. ఎప్పుడైనా ఫోను చేసి 'భోజనం అయిందా' అంటాను. 'ఆఁ' అంటారు. ఉన్నారని తీర్మానించి పెట్టేస్తాను.

మీ పుణ్యమా అని ఏడాదికి ఒకసారి ఊరు వెళ్లేవాణ్ని, ఆయనను బ్యాంకుకు తీసుకువెళ్లాలి కదా. 2014లో మీరు 'జీవన్ ప్రమాణ్' అని డిజిటల్ అవతారం ఎత్తాక వేలిముద్రల గొడవ మొదలైంది. నాన్న బొటనవేలు పెడితే యంత్రం ఒప్పుకోదు. తుడిచి పెట్టమంటారు, నొక్కి పెట్టమంటారు, ఆ వేలు కాదు ఈ వేలంటారు. ముప్పై నాలుగేళ్లు భుజాన సుత్తి వేసుకుని, మండే పట్టాల వెంట నడుస్తూ, పట్టాలను పట్టి ఉంచే ఇనుప 'కీ'లు వదులైతే బిగగొట్టిన చేతులండీ అవి. గీతలు ఎప్పుడో అరిగిపోయాయి. నా కాలేజీ ఫీజు రసీదుల మీద వెతికితే దొరుకుతాయేమో. మీ యంత్రం అక్కడ వెతకలేదు. నేనూ వెతకలేదనుకోండి.

2021లో, ముఖం చూపిస్తే చాలన్నారు. ఫోను ఆయన ముఖానికి ఎదురుగా పట్టుకున్నాను. రెప్ప వేయమంటే వేశారు. ఎడమ కంటిలో తెల్లటి పొర కమ్మిన సంగతి నేను మొదట చూసింది ఆ తెర మీదే.

ఇక అసలు ఫిర్యాదు. ఎనభై దాటినవారు ఆ రుజువు అక్టోబరు 1 నుంచే ఇవ్వవచ్చని మీరు వెసులుబాటు కల్పించారు. మొన్న నవంబరులో 'ఒరే, బ్యాంకువాళ్లు రమ్మంటున్నారు' అని నాన్న కబురు చేస్తే సెలవు పెట్టి వెళ్లాను. ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, పింఛను పుస్తకం ప్లాస్టిక్ కవరులో పెట్టుకుని అరుగు మీద సిద్ధంగా ఉన్నారు. కౌంటరులో అమ్మాయి కంప్యూటర్ చూసి, "మీది పోయిన నెలే వచ్చేసింది కదండీ" అంది.

నాన్న సీలింగ్ ఫ్యాను వంక చూస్తున్నారు. "పక్కింటి కుర్రాడు చేసి పెట్టాడులే" అన్నారు కాసేపటికి.

మీరు ఇంత సులువైపోతే ఎలాగండీ? ముసలాయన అబద్ధమాడవలసి వచ్చింది. నెలకోసారి స్వయంగా రమ్మనండి. వెంట కొడుకో కూతురో లేకపోతే చెల్లదని రూలు పెట్టండి.

తిరిగి వస్తూ థాంక్స్ చెబుదామనుకున్నాను. మా ఇంట్లో ఆ మాట అంటే ఒంట్లో బాగాలేదా అని నుదురు పట్టుకుని చూస్తారు. చేయి పట్టుకుని రోడ్డు దాటించాను. వద్దనలేదు. అవతల హోటల్లో కాఫీ తాగాం. డబ్బులు ఆయనే ఇచ్చారు, మీరు ఇప్పించే పింఛనులోంచి.

ఇట్లు,
కీమ్యాన్ గారి అబ్బాయి