కనెక్టర్‌ని తిట్టుకునే అట్లాంటా తెలుగువాళ్లందరికీ

అట్లాంటాలో ఇద్దరు తెలుగువాళ్లు కలిస్తే మూడో మాట డౌన్‌టౌన్ కనెక్టర్ గురించే, అదే ఐ-75, ఐ-85 హైవేలు ఒకటిగా కలిసి ఊరి మధ్యలోంచి వెళ్లే రోడ్డు. ఎవర్నైనా ఎయిర్‌పోర్టులో దింపాలంటే ముందు రోజు నుంచే టెన్షన్. "75నీ 85నీ తీసుకొచ్చి ఊరి నడిబొడ్డున కలిపింది ఎవడయ్యా" అని విసుక్కోనివాళ్లు లేరు. అడిగేసి వదిలేస్తాం. దానికి జవాబు ఉంది. అది తెలిశాక నాకు ఆ రోడ్డు మీద ఇదివరకటిలా డ్రైవ్ చెయ్యడం కుదరడం లేదు.

ట్రాఫిక్ పెరిగి దానంతటదే ఇలా తయారైన రోడ్డు కాదిది. 1946లో లాక్నర్ అనే ఇంజినీరింగ్ కంపెనీ గీసిచ్చిన ప్లాన్. అప్పటి మేయర్ విలియం హార్ట్స్‌ఫీల్డ్. ముక్కలు ముక్కలుగా కట్టుకొచ్చారు. 1956 ఇంటర్‌స్టేట్ హైవేల చట్టంతో ఖర్చులో 90 శాతం ఫెడరల్ ప్రభుత్వమే భరిస్తాననేసరికి ఇక అడ్డు లేకపోయింది. 1964కి రెండు చివర్లూ కలిశాయి.

గ్రేడీ ఆస్పత్రి దగ్గర అందరం బ్రేక్ మీద కాలు పెడతామే, గ్రేడీ కర్వ్, ఆ మలుపు ఎందుకుందో ఎప్పుడైనా ఆలోచించారా? అక్కడ అడ్డంగా కొండ లేదు, నది లేదు. పెద్ద వ్యాపారాలున్న డౌన్‌టౌన్‌ని తప్పించి రోడ్డుని తూర్పుకి తిప్పారు. ఆ తూర్పున ఆబర్న్ అవెన్యూ ఉంది.

బానిసగా పుట్టి, మంగలి షాపులతో పైకొచ్చిన అలాంజో హెర్న్‌డన్ 1905లో మొదలుపెట్టిన అట్లాంటా లైఫ్ ఇన్సూరెన్స్ ఆఫీసు ఆ వీధిలోదే. బ్యాంకులు, పత్రికాఫీసు, చర్చిలు, క్లబ్బులు, అన్నీ నల్లజాతివాళ్లు తమ డబ్బుతో నిలబెట్టుకున్నవి. జాన్ వెస్లీ డాబ్స్ అనే నాయకుడు ముద్దుగా 'స్వీట్ ఆబర్న్' అన్నాడు. ప్రపంచంలోకెల్లా సంపన్నమైన నల్లజాతి వీధి అని 1956లో ఫార్చ్యూన్ పత్రిక రాసింది. సరిగ్గా ఆ వీధికి అడ్డంగా హైవే వేశారు. బిగ్ బెతెల్ చర్చి ఒక పక్కన, మార్టిన్ లూథర్ కింగ్ పుట్టిన ఇల్లు, ఎబెనెజర్ చర్చి ఇంకో పక్కన పడ్డాయి.

ఇండియా నుంచి అమ్మానాన్నలు వస్తే మనందరం వాళ్లని కింగ్ సెంటర్‌కి తీసుకెళ్తాం. అక్కడ గాంధీ విగ్రహం ఉంది కదా, ఫోటో దిగుతాం, కారెక్కుతాం. ఈసారి వెళ్తే కారెక్కకండి. ఆబర్న్ అవెన్యూ మీద పడమరకి నడవండి. కాసేపటికి నెత్తి మీద కనెక్టర్ వస్తుంది. మిట్టమధ్యాహ్నం కూడా కింద నీడే. పైన లారీ వెళ్లినప్పుడల్లా బ్రిడ్జి అతుకుల దగ్గర దబ్ దబ్‌మని మోత. మా అమ్మ చెవులు మూసుకుని, "ఇక్కడ మనుషులుండేవాళ్లా?" అని అడిగింది. ఉండేవాళ్లమ్మా. ఇళ్లుండేవి, కొట్లుండేవి.

దక్షిణాన ఐ-20 హైవే వచ్చి కలిసే ఇంటర్‌చేంజ్ ఇంకా ఘోరం. క్యాపిటల్ బంగారు గుమ్మటం పక్కనుంచి వెళ్తుంటే ఆ ర్యాంపులన్నీ కనిపిస్తాయి. వాటి కింద వాషింగ్టన్-రాసన్ అనే పేట ఉండేది. ర్యాంపులు కొంత, 1965లో తెరిచిన స్టేడియం కొంత, దాని పార్కింగ్ కొంత, మొత్తం పేటని మింగేశాయి. పక్కనున్న సమ్మర్‌హిల్ కూడా సగం చెదిరిపోయింది.

ఇంత చేసి ట్రాఫిక్ తగ్గిందా? 1980ల్లో మళ్లీ తవ్వి లేన్లు పెంచారు. ఇవాళ రోజుకి 3 లక్షల పైచిలుకు బండ్లు. పెంచిన లేన్లు పెంచినట్టే నిండిపోయాయి.

"అప్పట్లో ఎవరేం చెయ్యగలిగేవాళ్లు" అనే మాట నేను ఒప్పుకోను. ఇదే ఊళ్లో ఐ-485 అనే ఇంకో హైవేని జనం ఆపేశారు. మార్నింగ్‌సైడ్, వర్జీనియా-హైలాండ్, ఇన్‌మన్ పార్క్ మీదుగా వెళ్లాల్సింది. కోర్టులకెక్కారు, గవర్నర్ జిమ్మీ కార్టర్ కూడా వద్దన్నాడు, 1970ల్లో ఆగిపోయింది. కోపెన్‌హిల్‌లో అప్పటికే ఇళ్లు కూల్చేసిన స్థలంలోనే ఇప్పుడు కార్టర్ లైబ్రరీ ఉంది. తర్వాత అక్కడ పెద్ద పార్క్‌వే వేస్తామంటే మళ్లీ గొడవ. సిటీ కౌన్సిల్‌లో ఉండి దాన్ని వ్యతిరేకించినవాళ్లలో పౌరహక్కుల నాయకుడు జాన్ లూయిస్ ఒకడు. చివరికి చిన్న రోడ్డుతో సరిపెట్టారు. ఇప్పుడు దానికి ఆయన పేరే. ఆ పేటల్లో ఎక్కువమంది తెల్లవాళ్లు, లాయర్లు, ప్రొఫెసర్లు. వాళ్ల పోరాటాన్ని నేను తక్కువ చెయ్యను, నిజంగా గొప్పది. కానీ ఆబర్న్ మీద కనెక్టర్ వేసేనాటికి అక్కడివాళ్ల మాట వినే కోర్టు లేదు, గవర్నర్ లేడు.

ఇక మన సంగతి. అట్లాంటా రైళ్లు, బస్సులు నడిపే మార్టాని శివారులోని కాబ్ కౌంటీ 1965లోనే వద్దంది. ఇంకో శివారు కౌంటీ గ్విన్నెట్ 1971లో వద్దంది, 1990లో వద్దంది, 2019లో వద్దంది. 2020లో గ్విన్నెట్‌లోనే ఇంకో ట్రాన్సిట్ (రైళ్లు, బస్సుల) ప్లాన్ వెయ్యి ఓట్ల అటూఇటూ తేడాతో ఓడిపోయింది. 2024లో ట్రాన్సిట్ కోసం సేల్స్ టాక్స్ అడిగితే గ్విన్నెట్, కాబ్ రెండూ మళ్లీ వద్దన్నాయి. సువానీలో, డులూత్‌లో మన ఇళ్లెన్ని! వెయ్యి ఓట్లంటే మన రెండు మూడు సబ్‌డివిజన్లు. ఆ టైములో తెలుగు వాట్సాప్ గ్రూపుల్లో "ట్రైన్ వస్తే క్రైమ్ వస్తుంది, ఇళ్ల రేట్లు పడిపోతాయి" అని ఫార్వర్డ్‌లు తిరిగాయి. చదివి ఒళ్లు మండింది. ఆ మాట మనది కాదు. అరవై ఏళ్లుగా ఈ ఊళ్లో నల్లవాళ్లని దూరంగా ఉంచడానికి వాడుతున్న మాట. దాన్ని మనం అరువు తెచ్చుకుని, ఆ తర్వాత గంటన్నర కనెక్టర్ మీద కూర్చుని ట్రాఫిక్‌ని తిడుతున్నాం.

డౌన్‌టౌన్‌లో హైవే మీద కప్పు వేసి పార్కులు, ఇళ్లు కట్టే 'స్టిచ్' ప్రాజెక్టుకి 2024లో ఫెడరల్ గ్రాంట్ 15 కోట్ల డాలర్లకు పైగా వచ్చింది. 2025లో కొత్త చట్టంతో అందులో చాలా భాగం వెనక్కి లాగేసుకున్నారు. దాని మీద మన అసోసియేషన్లు ఒక్క ఉత్తరమైనా రాస్తాయని చూశాను. నా కంటికైతే కనపడలేదు.

మనమంతా దిగే ఎయిర్‌పోర్టుకి రెండు పేర్లున్నాయి. హార్ట్స్‌ఫీల్డ్ ఈ రోడ్డు కట్టిన కాలం మేయర్. జాక్సన్, ఈ ఊరి తొలి నల్లజాతి మేయర్ మేనార్డ్ జాక్సన్, ఆబర్న్‌కి ఆ ముద్దుపేరు పెట్టిన డాబ్స్‌కి కూతురి కొడుకు. పిల్లలకి ఇది చెప్పండి.

సిటిజన్‌షిప్ వచ్చినవాళ్లు ఈసారి బ్యాలెట్‌లో ట్రాన్సిట్ ప్రశ్న వస్తే ఖాళీగా వదలకండి. వీసా మీద ఉన్నవాళ్లకి ఓటు లేదు నిజమే, కానీ కౌంటీ కమిషన్ మీటింగులో లేచి మాట్లాడడానికి పాస్‌పోర్ట్ అడగరు. గ్విన్నెట్‌లో వచ్చే మీటింగుకి నేను వెళ్తున్నాను. కూడా వచ్చేవాళ్లుంటే మెసేజ్ పెట్టండి, నా కారులో ఇంకో నలుగురికి చోటుంది.