రెండో వానాకాలం దాటకముందే

ఆ హాస్టల్ పని పూర్తయి, రిబ్బన్ కత్తిరించి ఇరవై నెలలైంది. శిలాఫలకం మీద అక్షరాలు ఇంకా కొత్తగానే మెరుస్తున్నాయి. మూడో అంతస్తులో బాత్‌రూముల పక్క గదిలోకి అడుగుపెడితే మాత్రం తడిసిన సున్నం వాసన గుప్పుమంటుంది. నడుం ఎత్తు వరకు గోడ పెయింటు పొక్కులు లేచింది. చేత్తో తాకితే పుట్టీ పొడిపొడిగా రాలింది. ఆ గదిలో ఉండే నలుగురు విద్యార్థులు మంచాలన్నీ ఎదుటి గోడ వైపు జరుపుకున్నారు. పుస్తకాలు నేల మీద పెట్టడం మానేసి ట్రంకుపెట్టెల మీద పేర్చుకున్నారు. “కంప్లయింట్ రాసిచ్చాం సార్, బడ్జెట్ రాలేదంటున్నారు” అన్నాడు ఒకబ్బాయి. ఆ విశ్వవిద్యాలయం పేరు ఇక్కడ రాయడం లేదు. రాస్తే తప్పంతా ఆ ఒక్క ప్రాంగణానిదే అనిపిస్తుంది.

నిజానికి బడ్జెట్ అక్కర్లేని మరమ్మతు అది. మన రెండు రాష్ట్రాల్లోనూ ప్రభుత్వ భవనాల ఒప్పందాల్లో మామూలుగా రెండేళ్ల లోప బాధ్యత కాలం ఉంటుంది. ఇంజినీర్లు డీఎల్‌పీ అంటారు. ఆ రెండేళ్లలో నాణ్యత లోపం వల్ల ఏది చెడిపోయినా కాంట్రాక్టరు సొంత ఖర్చుతో బాగుచేయాలి. నోటీసు ఇచ్చినా చేయకపోతే యాజమాన్యం వేరేవాళ్లతో చేయించి, ఆ ఖర్చును అతని డిపాజిట్లోంచి మినహాయించుకోవచ్చు. టెండర్ వేసేటప్పుడు ఈఎండీ, అంటే బయానా సొమ్ము కట్టించుకునేదీ, తర్వాత ప్రతి బిల్లులోనూ కొంత శాతం పట్టి ఉంచేదీ ఇందుకోసమే. అంటే ఆ తడిగోడ బాగుచేయించడానికి కావలసిన డబ్బు ఈ రోజుకీ విశ్వవిద్యాలయం చేతిలోనే ఉంది. ఆ సంగతి విద్యార్థికి తెలియదు, వార్డెన్‌కు తెలియదు. తెలిసిన ఇంజినీరింగ్ విభాగం ఉత్తరం రాయలేదు. మరికొన్ని నెలలు పోతే గడువు తీరిపోతుంది, డిపాజిట్ విడుదలవుతుంది. ఆ తర్వాత అదే గోడకు వాటర్‌ప్రూఫింగ్ పేరుతో కొత్త ఎస్టిమేట్ తయారవుతుంది. ఆ ఖర్చు చివరికి హాస్టల్ ఫీజుల్లోంచే వస్తుంది. పేద పిల్లలు కట్టే డబ్బు ఇలా పోవడం మమ్మల్ని బాధిస్తోంది.

విశ్వవిద్యాలయాల్లో కట్టడాల పని చూసే విభాగాలు తమ శక్తినంతా టెండర్ పిలిచేదాకా, ఆపైన ప్రారంభోత్సవం అయ్యేదాకా ఖర్చు చేస్తున్నాయి. అసలు పరీక్ష ఆ తర్వాత వచ్చే రెండు వానాకాలాల్లో ఉంటుంది. డాబా వాటం సరిగ్గా ఉందా, వాననీటి గొట్టం మూతి దగ్గర నీళ్లు నిలుస్తున్నాయా, రెండు బ్లాకుల మధ్య జాయింటులోంచి జల్లు లోపలికి వస్తోందా, బాత్‌రూము కింద పైపుల జాయింట్లు పట్టి ఉన్నాయా అన్నది ఏ ల్యాబ్ రిపోర్టూ చెప్పదు. నాలుగు గట్టి వానలు పడాలి. ఆ వానల తర్వాత ఒక్కసారి భవనమంతా తిరిగి చూసే అధికారి ఎవరు? చాలా ప్రాంగణాల్లో ఈ ప్రశ్నకు జవాబు లేదు.

తేడా అప్పగింత రోజునే మొదలవుతుంది. ప్రారంభోత్సవం తేదీ పని అయినప్పుడు కాదు, పెద్దల తీరిక దొరికినప్పుడు ఖరారవుతుంది. ముందు రాత్రి వరకు పెయింటర్లు లైట్లు పెట్టుకుని పనిచేస్తారు. మర్నాడు తాళంచెవుల గుత్తి వార్డెన్ చేతికొస్తుంది. అదే అప్పగింత. సరిగ్గా జరగాల్సింది వేరు. బాత్‌రూముల అడుగుభాగంలో, డాబా మీద నీళ్లు నిలబెట్టి 48 గంటలు వదిలి కింద చెమ్మ దిగిందేమో చూడాలి. ప్రతి కుళాయీ తిప్పాలి, ప్రతి స్విచ్చీ వేయాలి. మంటలార్పే మోటారు నిజంగా పైఅంతస్తు దాకా నీళ్లెక్కిస్తోందో లేదో చూడాలి. లిఫ్టు, మోటార్ల గ్యారంటీ కాగితాలు తీసుకోవాలి. అన్నిటికంటే ముఖ్యం, కట్టింది కట్టినట్టు గీసిన డ్రాయింగులు తీసుకోవాలి. అవి లేకపోతే మూడేళ్ల తర్వాత పైపు ఎక్కడ పగిలిందో వెతకడానికి ప్లంబర్ గోడంతా పగలగొట్టాల్సి వస్తుంది. కరెంటు వైరు ఏ గోడలోంచి పోయిందో తెలియక మేకు కొట్టినవాడికి షాకు తగులుతుంది.

కొత్త ప్రాంగణాల్లో చిక్కు ఇంకో రకంగా ఉంది. 2014 విభజన చట్టంలో హామీ ఇచ్చిన విద్యాసంస్థలు తిరుపతి, తాడేపల్లిగూడెం, అనంతపురం, విజయనగరం, ములుగు వంటి చోట్ల ఒక్కొక్కటిగా వచ్చాయి. కేంద్ర సంస్థల కట్టడాలు చాలావరకు సీపీడబ్ల్యూడీ (కేంద్ర ప్రజాపనుల శాఖ) లాంటి నిర్మాణ సంస్థల చేతుల మీదుగా డిపాజిట్ పనుల కింద, అంటే డబ్బు కట్టి వాళ్లతో చేయించుకునే పద్ధతిలో సాగుతాయి. రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో పెద్ద పనులు రోడ్లు భవనాల శాఖకో, విద్యా మౌలిక వసతుల సంస్థకో వెళతాయి. అప్పుడు కాంట్రాక్టరుతో ఒప్పందం రాసుకునేది ఆ సంస్థ. విశ్వవిద్యాలయం డబ్బు కట్టి పక్కన నిలబడుతుంది. గోడ కారితే వార్డెన్ ఇంజినీరింగ్ విభాగానికి రాస్తాడు, ఆ విభాగం నిర్మాణ సంస్థకు రాస్తుంది, ఆ సంస్థ కాంట్రాక్టరుకు రాస్తుంది. ఉత్తరం మూడు ఆఫీసులు తిరిగి వచ్చేసరికి వానాకాలం అయిపోతుంది, గోడ ఆరిపోతుంది. “ఇప్పుడు లీకేజీ లేదు కదండీ” అని ఫైలు మూసేస్తారు. డిపాజిట్ పనికి ఒప్పుకునే ముందే, ఫిర్యాదు వచ్చిన ఎన్ని రోజుల్లో మనిషిని పంపాలో, విశ్వవిద్యాలయం సంతకం లేకుండా కాంట్రాక్టరు డిపాజిట్ విడుదల కాకూడదని కూడా ఆ సంస్థతో రాయించుకోవాలి. డబ్బిచ్చే యజమానికి ఆ హక్కుంది.

కాంట్రాక్టర్ల వైపు నుంచీ మాట్లాడాలి. పని చెడితే తిట్లు తినేది వాళ్లే. బిల్లు ఆగితే నలిగిపోయేదీ వాళ్లే. ఎం-బుక్‌లో, అంటే కొలతల పుస్తకంలో ఏఈ (అసిస్టెంట్ ఇంజినీరు) కొలతలు రాస్తాడు, పైఅధికారి వాటిని మళ్లీ సరిచూస్తాడు, బిల్లు రిజిస్ట్రార్ దగ్గరికి, అక్కడి నుంచి ఫైనాన్స్ ఆఫీసర్ దగ్గరికి వెళ్తుంది. ఆ తర్వాత నిధులు రాలేదంటారు. చిన్న కాంట్రాక్టరు అప్పటికే సిమెంటు, ఇనుము అరువు తెచ్చుంటాడు. శ్రీకాకుళం నుంచో, పాలమూరు నుంచో, ఒడిశా, బిహార్‌ల నుంచో వచ్చిన కూలీలకు శనివారం సాయంత్రం డబ్బు ఇవ్వక తప్పదు. నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చి కడతాడు. నెలలు గడిచేకొద్దీ మిగిలేదల్లా వడ్డీకే పోతుంది. అలాంటి మనిషికి ఫోన్ చేసి మూడో అంతస్తు బాత్‌రూము కారుతోందంటే, “ముందు నా బిల్లు సంగతి చూడండి సార్” అంటాడు. ఆ మాటకు ఎదురు చెప్పే నైతిక బలం ఆఫీసుకు ఉండదు. లోపాలు సరిచేయమని గట్టిగా నోటీసు ఇవ్వలేకపోవడానికి అసలు కారణం చాలాచోట్ల ఇదే అని మేం అనుకుంటున్నాం. నిధులు చేతికి రాకుండా టెండర్ పిలవడం కాంట్రాక్టరుకు చేసే అన్యాయం. దాని ఫలితం మాత్రం విద్యార్థి గదిలో కనిపిస్తుంది.

బిల్లు ఆలస్యమవుతుందని ముందే తెలిసిన నమ్మకస్తులు విశ్వవిద్యాలయ పనులకు టెండర్ వేయడమే మానేస్తారు. వేసేవాళ్లలో కొందరు పని దొరికితే చాలని బాగా లెస్‌కు, అంటే అంచనా కంటే తక్కువ రేటుకు కోట్ చేస్తారు. ఉమ్మడి రాష్ట్రంలో 2003లో వచ్చిన జీవో 94 దీన్ని ముందే ఊహించింది. అంచనా విలువ కంటే 25 శాతానికి మించి తక్కువకు కోట్ చేసినవారు ఆ తేడా సొమ్ముకు అదనంగా హామీ చూపాలని నిబంధన పెట్టింది. హామీ కాగితం ఫైల్లో ఉంటుంది. ఆ తగ్గించిన రేటు ఏ గదిలో, ఏ అంతస్తులో దిగబడుతుందో కనిపెట్టడానికి మాత్రం సైటులో మనిషి ఉండాలి.

ఆ మనిషే కరవయ్యాడు. పదవీ విరమణ చేసిన ఏఈల, వాళ్ల పైన ఉండే డీఈల స్థానాలు చాలాచోట్ల ఖాళీగానే ఉన్నాయి. ఉన్న ఒక్కరు ఉదయం లైబ్రరీ కప్పు, మధ్యాహ్నం గెస్ట్‌హౌస్ మోటారు, సాయంత్రం కొత్త బ్లాకు చూసుకోవాలి. స్లాబ్ పోసే రోజున ఏం జరుగుతుందో దగ్గర నుంచి చూసినవారికి ఇందులో ప్రమాదం ఎంతో అర్థమవుతుంది. పొద్దున్నే కాంక్రీటు కలిపే మిల్లర్ తిరగడం మొదలైతే రాత్రి దాకా ఆగదు. మధ్యాహ్నం ఎండకు కాంక్రీటు గట్టిపడుతుంటే, పారడానికి వీలుగా ఎవరో రెండు బొక్కెనల నీళ్లు గుమ్మరిస్తారు. ఆ రెండు బొక్కెనలు స్లాబు బలాన్ని తగ్గిస్తాయి, పైకి ఏమీ కనిపించదు. అందుకే కాంక్రీటు పనులకు దేశమంతటా పాటించే ఐఎస్ 456 కోడ్ ప్రకారం పోసిన పరిమాణాన్ని బట్టి నమూనాలు తీసి, 150 మిల్లీమీటర్ల క్యూబులు పోసి, 28 రోజుల తర్వాత నలగ్గొట్టి చూడాలి. ఎం25 అనే రకం కాంక్రీటు క్యూబు దాదాపు 57 టన్నుల బరువుకు తట్టుకోవాలి. క్యూబు పోసేటప్పుడు ఇంజినీరు అక్కడ లేకపోతే, బాగా కలిపిన మసాలాతో విడిగా పోసిన క్యూబు ల్యాబుకు వెళుతుంది. రిపోర్టు బ్రహ్మాండంగా వస్తుంది. స్లాబు మాత్రం వేరే కాంక్రీటుతో ఉంటుంది. నాలుగున్నర మీటర్లకు మించిన స్లాబు కింద పోట్లు (ఊతంగా నిలిపే గుంజలు) కనీసం 14 రోజులు ఉంచాలన్నది కూడా అదే కోడ్. సెంట్రింగ్ సామాను అద్దె రోజుకింత అని లెక్క నడుస్తుంటే, పర్యవేక్షణ లేని సైటులో పదో రోజే పోట్లు విప్పేస్తారు.

ముందే ఆలోచించి కట్టడానికి మనకు మంచి ఉదాహరణ ఇంటి దగ్గరే ఉంది. ఉస్మానియా ఆర్ట్స్ కాలేజీ భవనానికి 1934లో పునాదిరాయి వేశారు, 1939లో ప్రారంభించారు. అంతకుముందే సయ్యద్ అలీ రజా, జైన్ యార్ జంగ్ అనే ఇద్దరు వాస్తుశిల్పులను నిజాం ప్రభుత్వం విదేశాల్లో విశ్వవిద్యాలయాలు ఎలా కట్టారో చూసి రమ్మని పంపింది. తర్వాత బెల్జియం వాస్తుశిల్పి ఎర్నెస్ట్ జాస్పర్‌తో డిజైన్ గీయించారు. రాచరికపు ఖర్చును ఇప్పుడు ఎవరూ కోరడం లేదు. రాయి కొట్టకముందే ఏం కావాలో తేల్చుకున్నారు చూడండి, ఆ ఓపిక మనకు కావాలి. ఇప్పుడు కెమిస్ట్రీ బ్లాకుకు టెండర్ ఖరారై గోడలు లేచాక ప్రొఫెసర్‌గారిని పిలిచి చూపిస్తున్నారు. ఆవిర్లు బయటికి పోయే గొట్టానికి దారే లేదని ఆయన అప్పుడు చెబుతారు. దాంతో పూర్తయిన గోడకూ బీముకూ రంధ్రాలు కొడతారు. అదనపు ఐటెం కింద కొత్త రేటు, కొత్త ఫైలు, గడువు పొడిగింపు. ఇచ్చిన డబ్బు ఖర్చయిందని చెప్పే యుటిలైజేషన్ సర్టిఫికెట్ సకాలంలో పంపకపోతే తర్వాతి విడత నిధులు రావన్న టెన్షన్ దీనికి తోడు. ఉన్నత విద్యకు కేంద్రం తెచ్చిన రూసా లాంటి పథకాల డబ్బుతో కట్టిన భవనాల్లో ఈ హడావుడి ఎంతో మందికి అనుభవమే.

ఇవన్నీ ఒక్కరోజులో మారవని మాకు తెలుసు. ఖాళీల భర్తీ, నిధుల విడుదల ప్రభుత్వాల చేతిలో ఉన్నాయి, వాటి కోసం ఒత్తిడి చేస్తూనే ఉండాలి. కానీ డీఎల్‌పీ విషయంలో ఎవరి అనుమతీ అక్కర్లేదు. వీసీ సంతకంతో ఒక ఉత్తర్వు చాలు. గత రెండేళ్లలో పూర్తయిన ప్రతి భవనానికీ పని ముగిసిన తేదీ, లోప బాధ్యత ముగిసే తేదీ, కాంట్రాక్టరు పేరు, ఫిర్యాదు చేయాల్సిన నంబరు ఒక కాగితం మీద రాసి ఆ భవనం గుమ్మం పక్కనే పెట్టాలి. శిలాఫలకం మీద పెద్దల పేర్లకు చోటున్నప్పుడు దీనికీ చోటుంటుంది. ఏటా ఆగస్టులోనో సెప్టెంబరులోనో, గోడలు తడిగా ఉన్నప్పుడే, ఏఈ, వార్డెన్, కాంట్రాక్టరు మనిషి, ఇద్దరు విద్యార్థులు కలిసి అంతస్తు అంతస్తూ తిరగాలి. సివిల్ ఇంజినీరింగ్ విభాగమున్న చోట ఆ ప్రొఫెసర్లను, పిల్లలను కూడా తీసుకెళ్లాలి, వాళ్లకు ఇంతకంటే మంచి ప్రాక్టికల్ దొరకదు. ఫొటోలతో జాబితా రాసి కాంట్రాక్టరుకు గడువిచ్చి నోటీసు పంపాలి. అతనికి విశ్వవిద్యాలయం బాకీ ఉంటే అదే సమావేశంలో ఆ బాకీ ఎప్పుడిస్తారో కూడా రాతపూర్వకంగా చెప్పాలి. ఇద్దరి బాధ్యతా ఒకే కాగితం మీదికి వస్తే ఇద్దరూ దిగివస్తారు. ఆ భవనంలో ఉండేవాళ్ల సంతకం లేకుండా ఫైనాన్స్ ఆఫీసర్ డిపాజిట్ విడుదల చేయకూడదు.

మేం చూసిన ఆ హాస్టల్ గడువు తీరడానికి ఇంకా నాలుగు నెలలుంది. డిపాజిట్ ఇంకా విశ్వవిద్యాలయం దగ్గరే ఉంది. మూడో అంతస్తు గోడ ఇంకా తడిగానే ఉంది. వార్డెన్‌గారు ఈ వారం ఉత్తరం రాసి, దానికి నాలుగు ఫొటోలు జతచేసి, ఇన్‌వర్డ్ నంబరు వేయించుకోవాలి.