కంట్రోలర్ ఉంటే రీఫ్ ట్యాంకుకు మనిషి అక్కర్లేదా? ఆ మెసేజ్‌కు నా జవాబు

మహబూబ్‌నగర్‌లో ఉండే మా మేనల్లుడు మొన్న ఒక మెసేజ్ పంపి, వెంటనే ఫోన్ చేశాడు. "మామా, ఇది కొంటే ఇగ టెన్షన్ ఉండదట గదా! ట్యాంకు కన్నా ముందు ఇదే తీసుకుందామనుకుంటున్న" అన్నాడు. అదే మెసేజ్ నాకు అప్పటికే ముగ్గురు నలుగురు పంపారు. అందులో ఉన్నది క్లుప్తంగా ఇది: మన ఎండలకు కంట్రోలర్ (నీళ్లను కొలుస్తూ హీటర్, పంపుల స్విచ్‌లు తానే వేసి తీసే యంత్రం) లేకుండా రీఫ్ ట్యాంకు (కోరల్స్, అంటే పగడపు జీవులు పెంచే ఉప్పునీళ్ల అక్వేరియం) పెట్టలేం. కంట్రోలర్ వచ్చాక ప్రోబులే (నీళ్లలో ముంచి ఉంచే సెన్సర్లే) అన్నీ చూసుకుంటాయి, టెస్ట్ కిట్లు పక్కన పెట్టేయొచ్చు. హీటర్, చిల్లర్ దాని చేతికే ఇచ్చేయాలి. పీహెచ్ 8.3 దగ్గర నిలబడేలా, మందు కొంచెం కొంచెంగా పోసే డోసింగ్ పంపు దానికి కట్టాలి. ఏటీఓను (ఆవిరైనన్ని నీళ్లు దానంతట అదే నింపే పరికరాన్ని) నేరుగా ఆర్వో ఫిల్టర్ లైనుకు కలిపితే నీళ్లు పోసే పని తప్పుతుంది. ఏదైనా తేడా వస్తే ఫోన్‌కు అలర్ట్ వస్తుంది కాబట్టి పది రోజులు ఊరికి పోయినా భయం లేదు.

నేను నల్లగొండలో ఆరేళ్లుగా 200 లీటర్ల రీఫ్ ట్యాంకు నడుపుతున్నాను. కంట్రోలర్ వాడుతున్నాను, ముందు ముందు కూడా వాడతాను. దాని మీద నాకు కోపం లేదు. ఈ మెసేజ్ నమ్మి డబ్బులూ ప్రాణులూ పోగొట్టుకునే కొత్తవాళ్ల గురించే నా బాధ.

"మన ఎండలకు కంట్రోలర్ లేకుండా అసాధ్యం."

ఎండల మాట నిజం. మే నెలలో నల్లగొండలో 44 డిగ్రీలు దాటే రోజులు ఉంటాయి, కోరల్స్‌కు కావలసింది 24 నుంచి 27 డిగ్రీల నీళ్లు. కానీ కంట్రోలర్ నీళ్లను చల్లబరచదు. చల్లబరిచేది చిల్లర్, లేదా గదిలో ఏసీ, లేదా సంప్ (ట్యాంకు కింద ఉండే నీళ్ల తొట్టి) మీద పెట్టిన చిన్న ఫ్యాన్. కంట్రోలర్ వాటికి స్విచ్ వేసి తీస్తుంది, అంతే.

ఫ్యాన్‌ను తక్కువ చేసి చూడకండి. రంజన్‌లో నీళ్లు ఎందుకు చల్లబడతాయో ఇదీ అందుకే పనిచేస్తుంది. ఒక లీటరు నీరు ఆవిరైతే దాదాపు 0.67 యూనిట్ల (కరెంటు బిల్లులో ఉండే యూనిట్లే) వేడిని తీసుకుపోతుంది. రోజుకు నాలుగు లీటర్లు ఆవిరైతే 2.7 యూనిట్ల వేడి బయటికి పోయినట్టే. ఏప్రిల్, మే నెలల్లో మన గాలి పొడిగా ఉంటుంది కాబట్టి ఫ్యాన్ బాగా పనిచేస్తుంది. వానాకాలం ముసురు పట్టినప్పుడు అదే ఫ్యాన్ చేతులెత్తేస్తుంది, అప్పుడు చిల్లర్ కావాలి. ఈ రెండింటినీ నడపడానికి ఎస్‌టీసీ-1000 లాంటి చిన్న థర్మోస్టాట్ చాలు, కొన్ని వందల రూపాయలకే దొరుకుతుంది. కోడిగుడ్లు పొదిగించే పెట్టెలు చేసుకునేవాళ్లు కూడా ఇలాంటిదే వాడతారు. మా మేనల్లుడికి నేను చెప్పిన వరుస ఇది: ముందు చిల్లర్, మంచి ఆర్వో డీఐ యూనిట్ (నీళ్లలో కరిగి ఉన్నవన్నీ తీసేసే ఫిల్టర్), టెస్ట్ కిట్లు, ఇన్వర్టర్. డబ్బులు మిగిలితే కంట్రోలర్.

"ప్రోబులే అన్నీ చూసుకుంటాయి, టెస్ట్ కిట్లు అక్కర్లేదు."

ఈ మెసేజ్‌లో ఎక్కువ నష్టం చేసే మాట ఇదే. మామూలు కంట్రోలర్‌తో వచ్చే ప్రోబులు ఉష్ణోగ్రత, పీహెచ్, ఓఆర్‌పీ (నీళ్ల ఆక్సీకరణ శక్తి) చూపిస్తాయి, కొన్నిటిలో సాలినిటీ (నీళ్లలోని ఉప్పు) ప్రోబు కూడా ఉంటుంది. రాతి అస్థిపంజరం కట్టుకునే కోరల్ బతకడానికి కావలసిన ఆల్కలినిటీ (పీహెచ్ పడిపోకుండా కాసే కార్బొనేట్ల మోతాదు), కాల్షియం, మెగ్నీషియం వీటిలో దేనికీ కనబడవు. నైట్రేట్, ఫాస్ఫేట్ కూడా కనబడవు. నెప్ట్యూన్ అనే కంట్రోలర్ కంపెనీ వాళ్ల ట్రైడెంట్ ఆ మొదటి మూడింటినీ కొలుస్తుంది. అయితే అది ప్రోబు కాదు. లోపల రసాయనాలు కలిపి పరీక్ష చేసే యంత్రం, అంటే మనం చేత్తో చేసే టెస్ట్ కిట్ పనినే మోటారుతో చేస్తుంది. రసాయనాలు అయిపోతే మళ్లీ కొనాలి. మన దగ్గరికి అవి సమయానికి రాకపోతే యంత్రం ఊరికే కూర్చుంటుంది.

ఉన్న ప్రోబులైనా ఎప్పటికీ నిజమే చెప్తాయా? పీహెచ్ ప్రోబు రోజులు గడిచేకొద్దీ పక్కకు జరుగుతుంది. నెలకో రెండు నెలలకో 7, 10 పీహెచ్ ద్రావణాల్లో ముంచి సరిచూడాలి. ఏడాది, ఏడాదిన్నర దాటితే చాలా ప్రోబులు మందగిస్తాయి. వాడనప్పుడు ఎండబెట్టకూడదు. సాలినిటీ ప్రోబు మీద చిన్న గాలి బుడగ కూర్చున్నా అంకె పడిపోతుంది. అందుకే వారానికోసారి రిఫ్రాక్టోమీటర్‌తో (చుక్క నీళ్లు వేసి కంటితో చూసే పరికరం) సాలినిటీ చూస్తాను. దాన్ని మంచినీళ్లతో సరిచేయను, 35 పీపీటీ (వెయ్యి పాళ్లలో 35 పాళ్ల ఉప్పు) ద్రావణంతోనే సరిచేస్తాను. గాజు థర్మామీటరు ఒకటి సంప్‌లో ఎప్పుడూ వేలాడుతూనే ఉంటుంది. తెరమీది అంకె, గాజులోని అంకె ఒక డిగ్రీ కన్నా తేడా ఉన్న రోజు మిగతా పనులన్నీ ఆపి ముందు అదేంటో చూస్తాను.

"హీటర్, చిల్లర్ దాని చేతికే ఇచ్చేయండి."

హీటర్ గుండీని 34 దాకా తిప్పేసి మొత్తం కంట్రోలర్‌కే వదిలేయాలని ఆ మెసేజ్‌లో రాశారు. సరిగ్గా ఇదే పని నేను చేశాను. జనవరిలో మా ఇంట్లో రాత్రి గది 22 డిగ్రీలకు దిగుతుంది, హీటర్ కావాలి. ఒక ఏడు సంక్రాంతికి దేవరకొండ దగ్గర మా ఊరికి వెళ్లాం. కంట్రోలర్ లోపల హీటర్‌కు కరెంటు ఇచ్చే రిలే అనే స్విచ్ అతుక్కుపోయింది. తెరమీద హీటర్ 'ఆఫ్' అని ఉంది, హీటర్ మాత్రం మండుతూనే ఉంది. రాత్రి పదకొండుకు ఫోన్‌కు అలర్ట్ వచ్చింది, నేను నిద్రలో ఉన్నాను. పొద్దున లేచి చూసేసరికి 33 దాటింది. గంటన్నర ప్రయాణం చేసి ఇల్లు చేరేటప్పటికి నీళ్లు పాలలా అయ్యాయి. నాలుగేళ్లు పెంచిన కోరల్స్ తెల్లబడి పోయాయి, క్లౌన్ చేపల జతలో ఒకటే మిగిలింది. ఆ మిగిలిన చేప రెండో దాని కోసం వెతుకుతూ అదే మూలకు తిరగడం వారం రోజులు చూశాను.

ఆ తర్వాత కూర్చుని లెక్క వేసుకున్నాను. 200 లీటర్ల నీళ్లను ఒక డిగ్రీ పెంచడానికి 200 వాట్ల హీటర్‌కు గంట పైన పడుతుంది. నా దగ్గర ఉన్నది 300 వాట్లది. అవసరానికి మించిన హీటర్, తెరిచి పెట్టిన గుండీ, ఒకే ఒక్క రిలే: మూడూ కలిస్తే ఒక్క రాత్రి చాలు. ఇప్పుడు 75 వాట్లవి రెండు పెట్టాను. ఒకటి అతుక్కుపోయినా ట్యాంకును ఉడికించలేదు, ఒకటి చచ్చినా రెండోది కాస్తుంది. వాటి గుండీలను కంట్రోలర్ అంకె కన్నా ఒక డిగ్రీ పైనే పెట్టాను. కంట్రోలర్ తప్పినా హీటరే ఆగిపోవాలి.

చిల్లర్ విషయంలో మన బోరు మోటార్ల మెకానిక్‌లకు తెలిసినంత ఆ మెసేజ్ రాసినవాళ్లకు తెలియదు. కంప్రెసర్ మొదలయ్యే క్షణంలో మామూలు కన్నా ఎన్నో రెట్లు కరెంటు లాగుతుంది. చిన్న రిలే ఆ దెబ్బకే అతుక్కుంటుంది. మధ్యలో ఒక కాంటాక్టర్ పెట్టించుకోండి, స్టార్టర్ డబ్బాలో ఉండేదే. కంప్రెసర్ ఆగాక మూడు నుంచి ఐదు నిమిషాల దాకా మళ్లీ మొదలవకుండా సెట్ చేయండి. ఫ్రిజ్ స్టెబిలైజర్‌లో టైమ్ డిలే ఎందుకు పెడతారో ఇదీ అందుకే. 26 దగ్గర ఆన్, 25.5 దగ్గర ఆఫ్ అని మధ్యలో అర డిగ్రీ ఖాళీ ఇవ్వండి, లేకపోతే నిమిషానికోసారి కొట్టుకుంటుంది.

ఇంకో సంగతి. అమెరికా నుంచి వచ్చేవాళ్లతో తెప్పించుకునే పవర్ బార్లు (కంట్రోలర్ ప్లగ్‌లు ఉండే బోర్డులు) 120 వోల్టులవి. మన ఇంట్లో 230. అడాప్టర్ ముక్క తగిలించి నడిపే సాహసం చేయకండి. ఎర్తింగ్, 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే ఆపేసే స్విచ్) లేని ఇంట్లో ఉప్పునీళ్ల ట్యాంకే పెట్టకూడదంటాను.

"పీహెచ్ 8.3 దగ్గర నిలబెట్టండి."

వద్దు. 7.8 నుంచి 8.4 మధ్య పగలు పెరిగి రాత్రి తగ్గడం రీఫ్ ట్యాంకుకు సహజం. వెలుగు ఉన్నప్పుడు నాచు, కోరల్స్ కార్బన్ డయాక్సైడ్ వాడుకుంటాయి, చీకట్లో వదులుతాయి. తలుపులు మూసి ఏసీ వేసుకుని నలుగురు పడుకున్న గదిలో పీహెచ్ తగ్గుతుంది. కిటికీకి ఎయిర్ కూలర్ పెట్టిన గదిలో బయటి గాలి వస్తుంది కాబట్టి అంత తగ్గదు. గాలి వల్ల తగ్గిన పీహెచ్‌ను మందు పోసి పెంచబోతే ఆల్కలినిటీ ఎక్కడికో పోతుంది, తెరమీద మాత్రం 8.3 చక్కగా కనబడుతుంది.

డోసింగ్ పంపు కట్టొద్దనడం లేదు. మన సముద్రాల్లోని రాతి కోరల్స్‌కు 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం రక్షణ ఉంది, వాటిని తీయకూడదు, కొనకూడదు. అవి లేకుండా మెత్తని కోరల్స్ మాత్రమే ఉన్న ట్యాంకుకు చాలాసార్లు నీళ్ల మార్పిడే సరిపోతుంది. పంపు కావాలంటే గడియారానికి కట్టండి, పీహెచ్‌కు వద్దు. సీసా కూడా చిన్నదే పెట్టండి. 200 లీటర్లలో ఆల్కలినిటీ ఒక డీకేహెచ్ (ఆల్కలినిటీని కొలిచే ప్రమాణం) పెంచడానికి 6 గ్రాముల వంటసోడా చాలు. రోజుకు అర డీకేహెచ్ తగ్గే ట్యాంకుకు వారానికి 21 గ్రాములు. సీసాలో అంతే ఉంటే, పంపు ఆగకుండా నడిచినా పెరిగేది 3.5 డీకేహెచ్. అదీ దెబ్బే, కానీ తట్టుకునే దెబ్బ. నెలకు సరిపడా ఒకేసారి నింపి పెడితే తట్టుకోవడం ఉండదు.

"ఏటీఓను నేరుగా ఆర్వో లైనుకు కలపండి."

ఈ మాట చదివినప్పుడు నాకు ఆటో స్టార్టర్లు గుర్తొచ్చాయి. 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి 24 గంటల కరెంటు మొదలుపెట్టే ముందు, ఆటో స్టార్టర్లు తీసేయమని తెలంగాణ ప్రభుత్వం రైతులను కోరింది. కరెంటు రాగానే మోటారు దానంతట అదే తిరుగుతుంది. మడి నిండిందా, బోరులో నీళ్లున్నాయా అని దానికి పట్టదు. ఏటీఓలో నీళ్ల మీద తేలుతూ మట్టం చూసే ఫ్లోట్ స్విచ్ కూడా అంతే. దాని మీద ఒక నత్త ఎక్కి కూర్చున్నా, ఉప్పు గడ్డకట్టినా నీళ్లు తగ్గాయనే చెప్తుంది. 35 పీపీటీ ఉన్న 200 లీటర్లలో 20 లీటర్ల మంచినీళ్లు ఎక్కువ పడితే సాలినిటీ 31.8కి దిగుతుంది. లైను కలిపి ఉంటే 20 దగ్గర ఆగదు, తెల్లవార్లూ పడుతూనే ఉంటుంది.

అందుకే ఏటీఓకు విడిగా ఒక డబ్బా పెట్టండి. అది పూర్తిగా ఖాళీ అయినా ట్యాంకు తట్టుకునేంతే ఉండాలి. నాది 15 లీటర్లు. స్విచ్‌లు రెండు, ఒకటి పైన, ఒకటి కింద. పంపు ఒక్కసారికి రెండు నిమిషాలకు మించి తిరగకుండా కంట్రోలర్‌లో హద్దు పెట్టండి. కంట్రోలర్ నాకు బాగా పనికొచ్చిన చోటు ఇదే.

నీళ్ల గురించి కూడా చెప్పాలి. నల్లగొండ అనగానే అందరూ ఫ్లోరైడ్ గురించి అడుగుతారు. అది మన పల్లెల్లో మనుషుల ఎముకలను వంచిన మాట నిజం, ఆ బాధ చిన్నది కాదు. కానీ సముద్రపు నీటిలోనే లీటరుకు సుమారు 1.3 మిల్లీగ్రాముల ఫ్లోరైడ్ ఉంటుంది. ట్యాంకుకు నేను భయపడేది నైట్రేట్, సిలికేట్, పాత ఇత్తడి కుళాయిల్లోని రాగికి. ఆవిరైనవి నీళ్లు మాత్రమే, అందులో ఉన్నవన్నీ ట్యాంకులోనే మిగులుతాయి. టీడీఎస్ (లీటరులో కరిగి ఉన్నవాటి మిల్లీగ్రాములు) 100 ఉన్న క్యాన్ నీళ్లు రోజుకు నాలుగు లీటర్లు పోస్తే నెలకు 12 గ్రాములు చేరతాయి. ఏ ప్రోబూ దీన్ని విడిగా చూపించదు. డీఐ దాటిన నీళ్లలో టీడీఎస్ సున్నా ఉందో లేదో మనమే చూడాలి.

"అలర్ట్ వస్తుంది, పది రోజులు ఊరికి పోవచ్చు."

కరెంటు పోతే కంట్రోలర్, వైఫై రెండూ పోతాయి. యంత్రం కనబడటం లేదని కంపెనీ సర్వర్ గమనించి కబురు పంపితే ఆ కబురు రావచ్చు, కానీ ఎందుకు కనబడటం లేదో అది చెప్పలేదు. 25 డిగ్రీల సముద్రపు నీటిలో లీటరుకు పట్టేది 6.7 మిల్లీగ్రాముల ఆక్సిజనే, మంచినీటిలో 8 దాటుతుంది. పంపులు ఆగితే వేడి కన్నా ముందు ఊపిరాడకే చేపలు చస్తాయి. ఇన్వర్టర్‌కు చిల్లర్‌ను కట్టకండి. ఒక వేవ్‌మేకర్‌ను (ట్యాంకులో నీళ్లను కదిలించే పంపు), ఒక ఎయిర్ పంపును కట్టండి. బ్యాటరీతో నడిచే ఎయిర్ పంపు ఇంకొకటి పక్కన ఉంచండి. నెప్ట్యూన్ వాళ్ల అపెక్స్ కంట్రోలర్‌లో ప్రతి ప్లగ్‌కూ ఫాల్‌బ్యాక్ అనే సెట్టింగ్ ఉంటుంది. కంట్రోలర్‌తో మాట పోతే ఆ ప్లగ్ ఆన్‌లో ఉండాలా, ఆఫ్‌లో ఉండాలా అని. సంప్ నుంచి ట్యాంకుకు నీళ్లు ఎక్కించే రిటర్న్ పంప్‌కు ఆన్, హీటర్‌కూ డోసింగ్‌కూ ఏటీఓకూ ఆఫ్. సొంత థర్మోస్టాట్ ఉన్న చిల్లర్‌కు ఎండాకాలంలో ఆన్. మీది వేరే కంపెనీది అయితే ఇలాంటిది ఉందో లేదో కొనేముందే అడగండి. లేకపోతే వేరేది చూడండి.

ఇప్పుడు ఊరికి వెళ్లినప్పుడు తాళం చెవి పక్కింటి అక్క దగ్గర ఇచ్చి వెళ్తాను. హీటర్ ప్లగ్‌కు ఎర్ర టేపు, ఏటీఓకు నీలం టేపు చుట్టాను. ట్యాంకు స్టాండు తలుపుకు ఒక కాగితం అంటించాను: గాజు థర్మామీటరు 28 దాటితే ఎర్రది పీకేయండి, కింద నేల తడిగా ఉంటే నీలంది పీకేయండి, తర్వాత నాకు ఫోన్ చేయండి. పోయిన సంక్రాంతికి అక్క రోజూ రెండుసార్లు వచ్చి చూసింది. ఏదీ పీకాల్సిన పని పడలేదు.