దిగిన తర్వాతే అసలు లెక్క

ప్రయోగం మొదలైన ఎనిమిదిన్నర నిమిషాలకు స్పేస్‌ఎక్స్ సంస్థ రాకెట్ ఫాల్కన్ 9 బూస్టర్, అంటే రాకెట్‌ను నేల నుంచి పైకి లేపే మొదటి దశ, సముద్రంలో కాచుకున్న నౌక మీదికి వచ్చి వాలుతుంది. ఒళ్లంతా మసి. కొత్తదైతే నడుమ తెల్లటి మేర ఒకటి మిగిలి కనిపిస్తుంది. ద్రవ ఆక్సిజన్ ట్యాంకు మీద పేరుకున్న మంచు అక్కడ మసిని అంటనివ్వదు. ఆ మసిని చూసే బూస్టర్ పాతదో కొత్తదో చెప్పేయగల ఔత్సాహికులు ఇప్పుడు ప్రపంచమంతటా ఉన్నారు. ఏ నంబరు బూస్టర్ ఎన్నిసార్లు ఎగిరిందో వారికి కంఠోపాఠం. బి1067 ముప్పయ్యోసారి దాటిందంటే పండగే. ఈ శ్రద్ధను చిన్నచూపు చూడాల్సిన పనిలేదు. రాకెట్ల గురించి సామాన్యులకు తెలిసినదాంట్లో చాలా భాగం ఇలాంటివారు ఓపికగా విడమరచి చెప్పిందే.

పైగా ఆ సంబరానికి తగిన కారణమూ ఉంది. మొదటి దశలోని తొమ్మిది ఇంజిన్లలో ఒక్కదాన్నే మండించి, దాని జోరును కనిష్ఠానికి తగ్గించినా, దాదాపు ఖాళీ అయిన బూస్టర్ బరువు కంటే ఆ ఒక్క ఇంజిన్ తోపుడే ఎక్కువ. గాలిలో కాసేపు ఆగి, సర్దుకుని, మెల్లగా దిగుదామంటే కుదరదు. వేగం సున్నాకు చేరే క్షణమూ కాళ్లు ఆనే క్షణమూ ఒకటే కావాలి. ముందే సున్నా అయితే బూస్టర్ మళ్లీ పైకి లేస్తుంది, ఆలస్యమైతే గుద్దుకుంటుంది. 2015 జనవరిలో, దిగేటప్పుడు బూస్టర్‌కు దారి చూపే జల్లెడ రెక్కలను తిప్పే హైడ్రాలిక్ ద్రవం చివరి ఘడియలో అయిపోయి బూస్టర్ నౌకను ఢీకొంది. ఆ ఏడాది డిసెంబర్ 21న నేల మీద తొలిసారి క్షేమంగా దిగింది. నెల తిరగకముందే మరొకటి నౌక మీద మెత్తగానే ఆనింది గాని, నాలుగు కాళ్లలో ఒకదాని గొళ్లెం పడక ఒరిగి పేలిపోయింది. రాకెట్ అంత పొడవు శ్రమ ఒక గొళ్లెం దగ్గర ఆగిపోయింది!

అయితే చర్చ ఇంకా ఆ దిగే దృశ్యం దగ్గరే తిరుగుతుండటం మాకు సబబుగా తోచడం లేదు. తిరిగి రావడం వేరు, తిరిగి వాడటం వేరు. ఈ తేడాను అమెరికా వ్యోమనౌక స్పేస్ షటిల్ ఎప్పుడో చూపింది. 1981 నుంచి 2011 వరకు 135 సార్లు ఎగిరిన ఆ వాహనం విమానంలా రన్‌వే మీద దిగేది, దాని ఘన ఇంధన బూస్టర్లు పారాచూట్లతో సముద్రంలో పడితే ఓడలు లాక్కొచ్చేవి. బయటి ఇంధన ట్యాంకు తప్ప అన్నీ తిరిగొచ్చినట్టే. కానీ వేడిని తట్టుకునే పలకలు ఇరవై వేలకు పైగా ఉండేవి, వాటిని పరీక్షించి సరిచేయడానికే వారాలు పట్టేది. ఒకే షటిల్ రెండు ప్రయోగాల మధ్య కనిష్ఠ విరామం 54 రోజులు, అదీ 1985లో. 2025 మార్చిలో ఒక ఫాల్కన్ బూస్టర్ తొమ్మిది రోజులకే మళ్లీ లేచింది. దిగిన దృశ్యాలు వంద చూసినా ఈ రెండు అంకెలు చెప్పేంత చెప్పవు.

ఆ తొమ్మిది రోజుల్లో షెడ్డులో ఏం జరిగింది? ఏ భాగాలు విప్పారు, ఏవి మార్చారు, ఎంత ఖర్చయింది? ఈ వివరాలు బయటికి రావు. ఇంజిన్లను మధ్యలో మార్చడం మామూలే కాబట్టి ‘ముప్పై ప్రయాణాలు’ అన్నప్పుడు అవి ట్యాంకువా, ఇంజిన్లవా అని అడగాలి. బూస్టర్ విడిపోయాక ఉపగ్రహాన్ని కక్ష్యకు చేర్చే రెండో దశ సంగతి సరేసరి, అది ప్రతిసారీ పోయేదే. పొదుపు ఎవరికి చేరిందన్నది మరో ప్రశ్న. ఫాల్కన్ 9 ప్రకటిత ధర 2022లో 6.2 కోట్ల డాలర్ల నుంచి 6.7 కోట్లకు పెరిగింది. ద్రవ్యోల్బణమే కారణమన్నారు, కావచ్చు. ఖర్చు తగ్గినంత మాత్రాన ధర తగ్గాలని నియమం లేదు, పోటీదారు లేనప్పుడు అసలే లేదు.

పోటీ ఇప్పుడిప్పుడే మొదలవుతోంది. 2025 నవంబర్‌లో బ్లూ ఆరిజిన్ సంస్థ న్యూ గ్లెన్ బూస్టర్ నౌక మీద దిగింది. మరుసటి నెలలో చైనా రాకెట్ జూచ్యూ-3 కక్ష్యకు చేరినా దాని బూస్టర్ దక్కలేదు. వెంటనే అభిమానులు జట్లుగా చీలి ఎగతాళికి దిగారు. స్పేస్‌ఎక్స్ తొలి ప్రయత్నాలూ మంటల్లోనే ముగిశాయన్నది అంత త్వరగా మరచిపోతే ఎలా? 2024 ఆగస్టులో 23వ ప్రయాణంలో ఉన్న బూస్టర్ నౌక మీద కూలింది. ఉపగ్రహాలు మాత్రం క్షేమంగా కక్ష్యకు చేరాయి. దాన్ని వైఫల్యమనాలా అని అప్పట్లో పెద్ద వాదనే నడిచింది. కస్టమర్‌కు కాదు. బూస్టర్‌ను మళ్లీ ఎగరేయాలనుకున్నవారికి మాత్రం ముమ్మాటికీ అవును.

విమానాలకు లాగ్ పుస్తకం ఉంటుంది. ఇంజిన్ ఎన్ని గంటలు తిరిగింది, ఏ భాగం ఎప్పుడు మారిందన్నది అందులో రాయక తప్పదు. రాకెట్ సంస్థలు తమ ప్రయాణం విమానయానం లాగే మామూలైపోతుందని చెప్పుకుంటున్నాయి కాబట్టి, ప్రతి బూస్టర్‌కూ అలాంటి పుస్తకం తెరిచి, కనీసం మార్చిన భాగాల పట్టికనైనా బయటపెట్టాలని మేము కోరుతున్నాం. వ్యాపార రహస్యమన్న సాకు డిజైన్లకు వర్తిస్తుంది. మారిన ఇంజిన్ల సంఖ్యకు వర్తించదు. మసి చారలను చూసి బూస్టర్ వయసు చెప్పగల ఔత్సాహికుల చేతికి ఆ పట్టిక అందితే, తొమ్మిది రోజుల్లో ఏం జరిగిందో వాళ్లే తేల్చేస్తారు.