సినిమా తర్వాతి ఇంటరాక్షన్ గారికి

మహారాజశ్రీ ఇంటరాక్షన్ గారికి,

నమస్కారాలు. నిన్న సాయంత్రం తమరు మా చేత చప్పట్లు కొట్టించి, కళ్లు తుడిపించి, సొరబుర్రల తీగ వాయిద్యం కిన్నెరను మాత్రం వినిపించకుండా ఇంటికి పంపేశారు. ఆ మేలుకు కృతజ్ఞతలు చెప్పుకుందామనే ఈ ఉత్తరం.

కిన్నెర మీటుతూ కథలు పాడే దర్శనం మొగులయ్య మీద డాక్యుమెంటరీ అంటే ఆదివారం పనులన్నీ పక్కన పెట్టి వచ్చాం. సినిమాతో తమకు సంబంధం లేదు కాబట్టి ఒక్క మాటతో వదిలేస్తాను. ఆయన పాట ఎత్తుకోగానే దాని మీదికి వ్యాఖ్యాత గొంతు ఎక్కించడం ఎవరు నేర్పారో గానీ వాళ్లకో దండం. పాలమూరు పండుగ సాయన్న ఉన్నోళ్లను కొట్టి లేనోళ్లకు పెట్టిన కథ అప్పుడే ఊపందుకుంది. ‘అంతరించిపోతున్న ఈ కళారూపం...’ అంటూ ఆవిడ అడ్డొచ్చింది. అంతరించక ఏం చేస్తుంది తల్లీ, పాడనిస్తే కదా!

అయినా ఓర్చుకున్నాం. ఎందుకంటే స్టేజీ మీద ఓ మూల ఒక కుర్రాడు పన్నెండు మెట్ల కిన్నెర పట్టుకుని కూర్చున్నాడు. సినిమా అవగానే వాయిస్తాడని ఆహ్వానపత్రంలో అచ్చేశారు. మధ్యలో తమరు దిగబడతారని మాత్రం ఎక్కడా వేయలేదు.

దిగబడ్డారు. మైకు అందుకున్న మొదటి పెద్దమనిషి ‘నాది ప్రశ్న కాదు, రెండు ముక్కలు చెప్పి ముగిస్తాను’ అన్నారు. ఆ మాట విన్నాక కూడా కుర్చీలో కదలకుండా కూర్చున్నామంటే మా సహనాన్ని తమరు మెచ్చుకోవాలి. వాళ్ల ఊరు, ఊరి చెరువు, చెరువు గట్టు మీద వాళ్ల తాతగారు, తాతగారి గుర్రం, అన్నీ వచ్చాయి, కిన్నెర తప్ప. తర్వాతి ఆయన ఏ లెన్సుతో తీశారని అడిగారు. ఒకమ్మాయికి గూస్‌బంప్స్ వచ్చాయట, చెయ్యి చాపి ముందు వరుసకు చూపించింది. ఇంకొకాయన కీబోర్డులో కిన్నెర టోన్ పెడితే ఎక్కడికీ మోయక్కర్లేదు కదా అని సలహా ఇచ్చారు. దానికీ చప్పట్లు!

ఇంతసేపూ ఆ కుర్రాడు ఏం చేస్తున్నాడో తమరు చూశారా? ఏసీ హాల్లోకి రాగానే తీగ జారినట్టుంది. చెవి కిన్నెర సొరబుర్రకు దగ్గరగా పెట్టి సుతారంగా మీటుకుంటూ, బిగించుకుంటూ, మైనంతో నిలబెట్టిన స్వరాల మెట్లను ఒక్కొక్కటే బొటనవేలితో నొక్కి చూసుకున్నాడు. కొసన ఉన్న కొయ్య పిట్ట ఒకసారి తలాడించింది. అంతే, సిద్ధమయ్యాడు. యాంకరమ్మ వైపు చూశాడు. ఆవిడ ‘ఇంకొక్క ప్రశ్న’ అంది. మళ్లీ చూశాడు. మళ్లీ ‘ఇంకొక్కటి’.

ఆ ఇంకొక్కటి ఏమిటనుకున్నారు? ‘ఇలాంటి కళాకారుల్ని ప్రభుత్వం ఆదుకోవాలి.’ హాలు హాలంతా లేచి నిలబడింది. బాబూ, 2021లో భీమ్లా నాయక్ సినిమా పాట మొదట్లో మొగులయ్య గొంతు విని ఊగిపోయింది మనమే. 2022లో పద్మశ్రీ ఇస్తే, రాష్ట్ర ప్రభుత్వం కోటి రూపాయలు ప్రకటిస్తే మురిసిపోయిందీ మనమే. 2024 మేలో ఆయన కూలి పనికి వెళ్తున్నారని వార్తలొస్తే అయ్యో అన్నదీ మనమే. ఇన్నిసార్లు ఉలిక్కిపడ్డాం, ఒక్కసారైనా సాయన్న కథ మొదలు నుంచి చివరిదాకా విన్నామా? కిన్నెర వాయించే డక్కలి కులంవాళ్లు తరతరాలుగా మాదిగ వాడల్లో ఏ కథలు చెప్పి బతికారో హాల్లో ఒక్కరైనా అడిగారా? ఆదుకోవాలన్న ఆయన వాళ్లింట్లో ఏ పెళ్లికైనా డీజే మానేసి కిన్నెరను పిలిచారేమో కనుక్కుందామని నేను చెయ్యెత్తాను. మైకు మా వరుస దాకా వస్తే ఒట్టు.

చివరికి హాలు మనిషి వచ్చి గడియారం చూపించాడు. టైమైపోయింది, తర్వాత ఎవరిదో అరంగేట్రం ఉందట. కుర్రాడు అప్పుడే వేలు తీగ మీద పెట్టాడు. పెట్టిన వేలు పెట్టినట్టే ఉంది, లైట్లు ఆర్పేశారు. ఆ తర్వాత ఏం జరిగిందో తెలుసా? జనం సెల్ఫీలకు ఎగబడ్డారు. తాతగారి గుర్రం ఆయనైతే ఏకంగా సొరబుర్ర పట్టుకుని, సంతలో గుమ్మడికాయ ఎత్తినట్టు కిన్నెరను ఎత్తబోయారు. కుర్రాడు ‘సార్, సార్’ అంటూ రెండు చేతులూ అడ్డం పెట్టాడు. వాడి నోటి నుంచి ఆ సాయంత్రం హాల్లో వినబడిన మాటలు అవే.

మర్యాదగా మొదలుపెట్టాను గానీ ఇక నా వల్ల కాదు. సిగ్గుండాలి. వాయించేవాణ్ణి పిలిపించి, వాయించనివ్వకుండా, వాడి కళ్ల ముందే వాడి కళ గురించి గంటసేపు బాధపడతారా?

వచ్చేసారి ముందు కిన్నెర పెట్టండి. కథ పూర్తిగా అవనివ్వండి. మాట్లాడాలని నాలుక దురద పెట్టేవాళ్లకు బయట టీ దగ్గర బోలెడంత చోటుంది, వాళ్ల గొంతులకు మైకు కూడా అక్కర్లేదు.

ఇట్లు,
చివరి వరుసలో చెయ్యెత్తి ఉండిపోయిన ప్రేక్షకుడు

తా.క.: ఆ కుర్రాడికి దారి ఖర్చులైనా ఇచ్చారా? శాలువా కప్పడం మాత్రం చూశాం.