అలిపిరి లగేజీ కౌంటరులో ఆర్థిక మాంద్యం

దేశానికి ఆర్థిక మాంద్యం వచ్చినప్పుడు తప్పెవరిదో తేల్చడానికి ఢిల్లీలో గణాంకాల శాఖ ఉంది, ముంబయిలో రిజర్వు బ్యాంకు ఉంది. ఆ రెండూ చాలవని తిరుపతి బస్టాండు వెనక సందులో మా టీ కొట్టు కూడా ఉంది. గణాంకాల శాఖ జీడీపీ మాట మూడు నెలలకోసారి చెబుతుంది. మా కొట్టు రోజూ పొద్దున ఆరున్నరకల్లా తీర్పు చెప్పేస్తుంది. అప్పీలుకు పోదలచినవాళ్ళు సాయంత్రం ఐదు తరవాత రావచ్చు. అప్పుడైతే బజ్జీలు కూడా ఉంటాయి.

కొట్టు ముందర రెండు బెంచీలు. ఒకటి వేపచెట్టు నీడలో, ఒకటి ఎండలో. ఎవరూ బోర్డు పెట్టలేదు గానీ, అధికారంలో ఉన్నవాళ్ళది నీడ బెంచీ, లేనివాళ్ళది ఎండ బెంచీ. 2014లో, 2019లో, 2024లో ఓట్లు లెక్కపెట్టిన మర్నాడు పొద్దున్నే రెండు బెంచీలవాళ్ళూ లేచి, టీ గ్లాసులు చేత్తో పట్టుకుని, ఒకరినొకరు దాటుకుంటూ పోయి స్థలాలు మార్చుకున్నారు. అంత క్రమశిక్షణ నేను బస్సెక్కే దగ్గర కూడా చూడలేదు. విచిత్రమేమంటే మనుషులు మారారు గానీ బెంచీలు మాట్లాడే మాటలు మారలేదు. నీడ బెంచీ ఎప్పుడూ "ప్రపంచమంతా ఇట్లనే ఉండాది కదప్పా, మనోళ్ళేం జేస్తారు?" అంటుంది. ఎండ బెంచీ ఎప్పుడూ "ప్రపంచం సంగతి నీకెందుకప్పా, మన గతి జూడు" అంటుంది.

దీని మీద నేను సొంత ఖర్చుతో, రోజుకు రెండు టీల చొప్పున, ఏళ్ళ తరబడి పరిశోధన చేసి ఒక సిద్ధాంతానికి వచ్చాను. ఇన్ని విశ్వవిద్యాలయాలున్న ఊళ్ళో ఇంకొక సిద్ధాంతం ఎవరికీ బరువు కాదనే ధైర్యంతో ఇక్కడ ప్రకటిస్తున్నాను.

కొండకు నడిచిపోయే భక్తులు అలిపిరిలో తమ మూటాముల్లె కౌంటరులో ఇచ్చేసి, రసీదు తీసుకుని, చేతులూపుకుంటూ మెట్లెక్కుతారు. అధికారానికి ఎక్కే పార్టీ కూడా అంతే. ధరలు, నిరుద్యోగం, అప్పులు, రూపాయి పతనం అనే తన మూటను కింద కౌంటరులో అప్పజెప్పి ఎక్కుతుంది. తేడా ఒక్కటే. భక్తుడి మూట కొండ మీదికి చేరుతుంది, పార్టీ మూట కిందనే ఉండిపోతుంది. దిగివచ్చే పార్టీ అదే కౌంటరుకు వచ్చి, రసీదు కూడా చూపించకుండా, ఆ మూటనే భుజానికెత్తుకుని ఊళ్ళోకి బయల్దేరుతుంది. విప్పి చూసుకోవలసిన పని కూడా ఉండదు. లోపలేమున్నాయో తెలుసు, ఐదేళ్ళ కింద తాను పెట్టినవే కదా.

సిద్ధాంతానికి రుజువులు కావాలంటారు కాబట్టి కొన్ని చూపిస్తాను.

2008 సెప్టెంబరు 15న అమెరికాలో లేమాన్ బ్రదర్స్ దివాలా తీసింది. మా కొట్టుకు ఆ వార్త రెండు రోజులు ఆలస్యంగా చేరింది. "అన్నదమ్ములంట, పంపకాల్లో తేడా వచ్చింటాది" అని ఒక పెద్దాయన నిట్టూర్చాడు. (ఇప్పటికీ ఆ పతనానికి ఇంతకంటే పొట్టి వివరణ నేను వినలేదు.) నీడ బెంచీ "యాడో అమెరికాలో ఇండ్ల అప్పులు మునిగిపోతే ఢిల్లీలో వాళ్ళేం జేస్తారు?" అంది. ఎండ బెంచీ "మునిగింది అమెరికా అయితే రేణిగుంట రోడ్డులో ప్లాట్లు ఎందుకు నిలిచిపోయినాయి?" అని నిలదీసింది. పన్నెండేళ్ళ తరవాత కరోనా వచ్చింది. అవే రెండు వాక్యాలు, అవే గొంతులు. అమెరికా తీసేసి చైనా పెట్టారు, ఎవరి వాక్యం ఎవరు చెప్పాలన్నది ఒక్కటే తిరగబడింది.

రూపాయి సంగతీ ఇంతే. 2013 ఆగస్టు చివర్లో డాలరు 68 రూపాయలు దాటింది. బంగారం ఎక్కువ కొంటున్నామని అప్పటి ప్రభుత్వం బంగారం మీద దిగుమతి సుంకం 10 శాతానికి పెంచింది. ఆనాడు ఎండ బెంచీ మీదున్న ఒకాయన "రూపాయి పడిందంటే దేశం పరువు పడినట్టే" అని గ్లాసు నేలకేసి కొట్టబోయి, గాజు గ్లాసని గుర్తొచ్చి ఆగాడు. 2022 నాటికి డాలరు 80 దాటింది. రూపాయి జారడం లేదు, డాలరు బలపడుతోంది అని ఆర్థికమంత్రి నిర్మలా సీతారామన్ వాషింగ్టన్‌లో వివరించారు. అప్పటికి నీడకు చేరిన మా ఒకాయన ఆ మర్నాడే "రూపాయి యాడ పడిందప్పా? అది ఉన్న చోటే ఉండాది. డాలరే లేసి నిలబడింది" అన్నాడు. ఆ రోజు గ్లాసు జోలికి పోలేదు.

ఇక మా ఊరికి వ్యక్తిగతంగా సంబంధించిన విషయం ఒకటుంది. 2020 ఏప్రిల్ నుంచి జూన్ వరకు మూడు నెలల్లో దేశ ఉత్పత్తి, అంతకు ముందటి ఏడాదితో పోలిస్తే, 23.9 శాతం కుంగిందని అప్పట్లో లెక్క చెప్పారు. ఆ ఆగస్టు 27న జీఎస్టీ కౌన్సిల్ సమావేశం తరవాత ఆర్థికమంత్రి దీన్నంతా 'యాక్ట్ ఆఫ్ గాడ్', అంటే దేవుడి చర్య అన్నారు. వేరే ఊళ్ళో అయితే ఈ మాట పత్రికల్లో చదివి వదిలేస్తారు. తిరుపతిలో అట్లా వదలలేం. నిందితుడు మా ఊరివాడు. అందుకని కొట్టులో ఆ రోజు విచారణ జరిగింది.

స్వామివారి పక్షాన వాదించినవారు చూపిన ఆధారం బలమైనది. మార్చి 20 నుంచి కొండ మీద దర్శనం ఆపేశారు. సామాన్య భక్తులను మళ్ళీ పంపింది జూన్ 11న. ఆ మధ్య కాలమంతా స్వామి ఏకాంతంలోనే ఉన్నారు. బయటికి రాలేదు, పూజలు చేసే అర్చకులు తప్ప ఎవరినీ చూడలేదు. పైగా నష్టపోయినవాళ్ళలో ఆయనే మొదటివాడు. హుండీ ఖాళీ, కల్యాణకట్టలో కత్తులు తుప్పు, కింద లాడ్జీలకు తాళాలు, జీపులకు దుమ్ము. ఇంటి ముందర చిల్లి కాసు రాలనివాడు దేశం మొత్తాన్ని ముంచడానికి కుట్ర పన్నాడంటే ఏ కోర్టు నమ్ముతుంది? నీడ బెంచీ కాసేపు ఆలోచించి "మా దేవుడు కాదేమోలే, వేరే దేవుడై ఉంటాడు" అని రాజీకి వచ్చింది.

ఆ మరుసటి ఏడాది అదే మూడు నెలలకు 20.1 శాతం వృద్ధి అని ప్రకటించారు. నీడ బెంచీ ఆ రోజు అందరికీ టీ ఇప్పించింది. నేను మాత్రం గ్లాసు పట్టుకుని మెట్ల లెక్క వేశాను. వందో మెట్టు మీదున్న భక్తుడు కాలు జారి 24 మెట్లు దొర్లి 76 దగ్గర ఆగాడనుకుందాం. దుమ్ము దులుపుకుని 15 మెట్లెక్కాడు. ఇప్పుడు 91 దగ్గర ఆయాసపడుతున్నాడు. 76 మీద 15 అంటే దాదాపు ఇరవై శాతం కాబట్టి, అంత వేగంగా ఎక్కిన భక్తుడు దారిలో ఇంకొకడు లేడని మైకులో చెప్పవచ్చు. మోకాలు చిప్పల సంగతి మైకులో చెప్పరు. ఎండ బెంచీవాళ్ళు కూడా తక్కువ తినలేదు. పడినప్పుడు శాతం లెక్క వాళ్ళకు వేదవాక్కు, లేచినప్పుడు "శాతాలు తింటామా అప్పా?"

నోట్ల రద్దు గురించి ఎక్కువ రాయను. ఇరు పక్షాలకూ ఇంకా ఆ పుండు పచ్చిగానే ఉంది. రద్దయిన 15.41 లక్షల కోట్లలో 99.3 శాతం బ్యాంకులకు తిరిగొచ్చిందని రిజర్వు బ్యాంకు 2018లో చెప్పింది. రాని 0.7 శాతం దొంగ సొమ్మని నీడ బెంచీ వాదన. అయితే హుండీలో పడి, మార్చుకునే వీల్లేక టీటీడీ దగ్గర ఉండిపోయిన పాత నోట్లు దాదాపు 50 కోట్ల రూపాయలున్నాయి. ఆ లెక్కన చూస్తే పట్టుబడిన నల్లకుబేరుల్లో మా నల్లనయ్య ఒకడు. ఈ మాట నేనన్నప్పుడు రెండు బెంచీలూ కలిసి నా మీదికి లేచాయి. వాళ్ళ మధ్య ఐకమత్యం నేను చూసింది ఆ ఒక్కసారే. రాష్ట్ర పార్టీల అభిమానులైతే ఢిల్లీతో పొత్తున్న ఏడాది నోట్ల రద్దును విప్లవమన్నారు, పొత్తు తెగిన ఏడాది విపత్తన్నారు. రెండు మాటలకూ మొదటి అక్షరం ఒకటే కాబట్టి ఫ్లెక్సీలు దిద్దుకోవడానికి పెద్ద ఖర్చయి ఉండదు.

అప్పుల మాటకొస్తే మా ఊరికి కొంత అనుభవముంది. స్వామివారు పెళ్ళికి కుబేరుడి దగ్గర అప్పు చేశారనీ, కలియుగాంతం దాకా వడ్డీ కడతారనీ మాకు చిన్నప్పుడే చెబుతారు. వడ్డికాసులవాడని పిలుచుకునేది అందుకే. ఆ అప్పు పత్రానికి బ్రహ్మ, శివుడు, రావిచెట్టు సాక్షులు. ఎంత అప్పన్న దాంట్లో ఇచ్చినవాడికీ తీసుకున్నవాడికీ ఏనాడూ పేచీ లేదు. రాష్ట్రం అప్పుకు అంత అదృష్టం లేదు. దానికి సాక్షులుండరు, శ్వేతపత్రాలుంటాయి. 2014లో ఒకటి, 2019లో ఒకటి, 2024లో ఒకటి. దిగినవాళ్ళు ఖజానా ఊడ్చిపెట్టి పోయారన్నది మూడింటి సారాంశం. 2024 పత్రం అప్పు 9.74 లక్షల కోట్లంది, కాదని అటువైపువాళ్ళు తమ లెక్క చెప్పారు. ఇద్దరూ కాసేపు రావిచెట్టును పిలిచి అడిగితే బాగుండేదని నా మనవి.

ఇంత పరిశోధన చేసినా నన్ను తికమక పెట్టింది మామిడి. డీజిల్ మీద 5 రూపాయలు పెంచి, రాయితీ గ్యాసు ఏడాదికి 6 సిలిండర్లన్న తరవాత, 2012 సెప్టెంబరు 21న మన్మోహన్ సింగ్ టీవీలో జాతికి ఒక మాట చెప్పారు, డబ్బులు చెట్లకు కాయవని. దేశమంతా సరేనంది. చిత్తూరు జిల్లా ఒప్పుకోలేదు. మాకు డబ్బులు కాసేది చెట్లకే. ఫీజులు, పెళ్ళిళ్ళు, బోరుబావులు అన్నీ తోతాపురి చెట్టుకు కాసినవే. అయితే 2025లో ఆయన మాటే నిజమైంది, పదమూడేళ్ళు ఆలస్యంగా. కాయ విరగకాసింది, గుజ్జు ఫ్యాక్టరీల్లో పాత సరుకు ఇంకా కదల్లేదు, ధర పాతాళానికి పోయింది. ఫ్యాక్టరీ 8 రూపాయలివ్వాలి, మేం 4 కలుపుతాం, వెరసి కిలో 12 అని ప్రభుత్వం ప్రకటించింది. కర్ణాటక కాయను సరిహద్దులోనే ఆపేశారు. ప్రతిపక్షంలో ఉన్న మాజీ ముఖ్యమంత్రి జగన్ బంగారుపాళెం మామిడి మార్కెట్టుకు వచ్చారు. కాయలు రోడ్డు మీద పడ్డాయి.

కాయ రోడ్డు మీద పడగానే బెంచీల మధ్య అసలు యుద్ధం మొదలైంది. ధర గురించి కాదు. పడిన కాయ ఏ పార్టీది? రైతు కడుపు మండి పారబోసిందా, ఫోటో కోసం ఎవరో పోయించిందా? మూడు రోజులు వాదించుకున్నారు. ఫోన్లలో వీడియోలు ఆపి, పెద్దవి చేసి, కాయ పడిన కోణాన్ని బట్టి దాని రాజకీయ విశ్వాసాన్ని నిర్ణయించడానికి చూశారు. ఆ మూడు రోజులూ మా బావమరిది గుజ్జు ఫ్యాక్టరీ ముందర ట్రాక్టరు కిందే పడుకున్నాడు. నేను ఫోన్ చేసి "మాంద్యం మీద నీ అభిప్రాయమేంది?" అని శాస్త్రీయంగా అడిగాను. "బావా, ముందర నూటిరవై ట్రాక్టర్లుండాయి. కాయ మెత్తబడతా ఉండాది. నీకు పనేం లేదా?" అన్నాడు. సమాధానం ప్రశ్నకు తగినట్టు లేదు కాబట్టి దాన్ని పరిశోధనలో చేర్చలేదు.

ఇవన్నీ రాసి కాగితాలు మడిచి జేబులో పెట్టుకుని మొన్న కొట్టుకు పోయాను, రెండు బెంచీలకూ చదివి వినిపిద్దామని. పోయేసరికి రెండూ లేచి నిలబడి ఉన్నాయి. టీ 10 రూపాయల నుంచి 12 అయింది.

"ఏంది సామీ ఇది?" అని ఎండ బెంచీ అడిగింది.

"టీ ధర యాడ పెరిగింది సామీ? అది ఉన్న చోటే ఉండాది. మీ పది రూపాయలే నీరసపడింది" అన్నాడు కొట్టాయన, పాలు తిప్పుతూనే.

"ఇంతకు ముందు కొట్టు నడిపినాయన పదికే ఇచ్చినాడు కదా?" అంది నీడ బెంచీ.

"ఆయన గల్లాపెట్టె ఊడ్చిపెట్టి పోయినాడు సామీ. చక్కెర డబ్బాలో చీమలు తప్ప ఏమీ ఇడిసిపెట్టలా. మీకు నమ్మకం లేకపోతే శ్వేతపత్రం ఉండాది, చదవమంటారా?"

అని పొయ్యి పక్కనున్న పొడుగాటి ఖాతా పుస్తకం తీసి, వేలు తడి చేసుకుని మొదటి పేజీ తిప్పాడు. నీడ బెంచీ ఎండ బెంచీ వైపు చూసింది. ఎండ బెంచీ వేపచెట్టు వైపు చూసింది. ఎవరో "పన్నెండే కదప్పా, ఇయ్యి" అన్నారు. నేను జేబులో కాగితాలు జేబులోనే ఉంచుకుని, వన్ బై టూ చెప్పి, ఆ రెండో సగం పంచుకునేవాడి కోసం చుట్టూ చూశాను.